నేల, నీటి యాజమాన్యంలో విస్తరణ నిపుణులుగా ఎదగడం ఎలా: హైదరాబాద్‌లో చదువుకునే వ్యవసాయ విద్యార్థులకు ఒక మార్గదర్శిక

భూసార పరీక్ష పత్రంలో ఉదజని సూచిక (నేల ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్) 8.1 అనీ, సేంద్రియ కర్బనం 0.42 శాతం అనీ, లభ్య భాస్వరం ఎక్కువ అనీ రాసి ఉంటుంది. ఎరువుల సిఫారసు కూడా ఉంటుంది. అయితే దానిని ఆ రైతు వేయబోయే పంటకూ, ఊరి దుకాణంలో దొరికే ఎరువుకూ, బోరులో మిగిలి ఉన్న నీటికీ తగినట్టు మార్చి చెప్పేవారు లేకపోతే ఆ పత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. రైతు అడిగేవి నిజానికి రెండే ప్రశ్నలు: ఎకరాకు ఎన్ని బస్తాలు వేయాలి, మోటారు ఎన్ని గంటలు నడపాలి. ప్రయోగశాల అంకెలను ఈ రెండు సమాధానాలుగా మార్చి, ఆ మార్పు ఎందుకు అవసరమో రైతుకు నమ్మకం కలిగేలా చూపించడమే నేల, నీటి యాజమాన్యంలో విస్తరణ నిపుణుల వృత్తి. ఈ వృత్తికి ఏం చదవాలి, ఏ పనులు చేతితో నేర్చుకోవాలి, ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి అన్న విషయాలను హైదరాబాద్‌లో చదువుకుంటున్న లేదా చదవాలనుకుంటున్న వారిని దృష్టిలో ఉంచుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

మట్టిని ఒకరు, నీటిని మరొకరు చూసుకుంటారన్న విభజన కార్యాలయాల్లో ఉన్నా పొలంలో లేదు. చెల్క నేలలో, అంటే తేలికపాటి ఎర్ర నేలలో, నీరు ఎంతసేపు నిలుస్తుందో తెలియకుండా తడి ఎప్పుడు ఇవ్వాలో చెప్పలేము. బోరు నీటిలో ఏ లవణాలు ఉన్నాయో తెలియకుండా ఆ నేల నాలుగేళ్ల తర్వాత ఎలా మారుతుందో కూడా చెప్పలేము. అందువల్ల ఈ రెంటినీ మొదటి నుంచీ కలిపే నేర్చుకోవాలి.

ఏ చదువు, ఏ దారి

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు తెలంగాణ ఈఏపీసెట్ ద్వారా ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లో చేరవచ్చు. ఈ విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం రాజేంద్రనగర్‌లో ఉంది. 1964లో ఉమ్మడి రాష్ట్రానికి ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయమే రాష్ట్ర విభజన సమయంలో, 2014లో, రెండుగా విడిపోయింది. రైతు కుటుంబాల నుంచి వచ్చి గ్రామాల్లో చదివిన విద్యార్థులకు సీట్లలో ప్రత్యేక కోటా ఉంటుంది కాబట్టి అందుకు కావలసిన ధ్రువపత్రాలను ముందుగానే సిద్ధం చేసుకోవడం మంచిది. ఎంపీసీ చదివి యంత్రాలు, కాలువలు, పైపులు, కొలతల వైపు ఆసక్తి ఉన్నవారికి సంగారెడ్డి దగ్గర కందిలోని వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేసి, అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీలోకి వచ్చే దారి కూడా తెరిచే ఉంది. ఆ దారిలో వచ్చిన విద్యార్థులకు పొలం పని ముందే అలవాటై ఉంటుంది, ఈ వృత్తిలో అది చాలా పెద్ద బలం.

బీఎస్సీ చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద విద్యార్థులు ఒక గ్రామంలో రైతు కుటుంబాలతో కలిసి పనిచేస్తారు. చాలామంది దీనిని నివేదిక రాయడంతో ముగించే లాంఛనంగా చూస్తారు, కానీ నాలుగేళ్ల చదువులో ఈ వృత్తికి నేరుగా పనికివచ్చే భాగం ఇదే. ఆ గ్రామంలో కనీసం ఒక్క రైతు పొలాన్నైనా నాట్లకు ముందు నుంచి కోత వరకు గమనించి, ఏ రోజు ఎంత ఎరువు పడిందో, ఎన్ని గంటలు నీరు పారిందో, చివరికి ఎన్ని బస్తాల ధాన్యం వచ్చిందో రాసుకోవాలి. ఆ ఒక్క పొలం లెక్క ఎన్నో పాఠ్యపుస్తక ఉదాహరణల కంటే ఎక్కువ నేర్పుతుంది.

పోస్టు గ్రాడ్యుయేషన్ దగ్గర ఎంపిక జాగ్రత్తగా చేసుకోవాలి. విస్తరణ విద్యలోనే ఎమ్మెస్సీ చేస్తే విస్తరణ నిపుణులమవుతామన్న ఆలోచన సహజమే, అయినా మట్టి, నీరు మీద పనిచేయాలనుకునేవారు మృత్తికా శాస్త్రంలో గానీ, పంటల సాగు శాస్త్రమైన అగ్రానమీలో గానీ, ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారు నేల, నీటి సంరక్షణ ఇంజినీరింగ్‌లో గానీ పీజీ చేయడం మేలని నా అభిప్రాయం. విషయం మీద పట్టు లేని విస్తరణ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, రైతు రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతాడు. విస్తరణ పద్ధతులను ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు. అందుకు రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ మేనేజ్ విస్తరణ సిబ్బంది కోసం ఒక ఏడాది దూరవిద్యా డిప్లొమా నిర్వహిస్తోంది.

హైదరాబాద్ ఇచ్చే అవకాశాలు

ఈ వృత్తికి కావలసిన సంస్థలు ఒక్క నగరం చుట్టూ ఇన్ని ఉండడం హైదరాబాద్‌కు ఉన్న ప్రత్యేకత. 1987లో ఏర్పడిన మేనేజ్, శాస్త్రవేత్తలకు శిక్షణ ఇచ్చే నార్మ్, వరి పరిశోధన సంస్థ, విశ్వవిద్యాలయానికి చెందిన నీటి సాంకేతిక కేంద్రం రాజేంద్రనగర్ పరిసరాల్లోనే ఉన్నాయి. హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్న వాలంతరి సాగునీటి శాఖ ఇంజినీర్లకూ, రైతు సంఘాలకూ నీరు, భూమి యాజమాన్యంలో శిక్షణ ఇస్తుంది. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) మెట్ట వ్యవసాయం మీద పనిచేస్తుంది, దాని పరిశోధన క్షేత్రమూ, రైతులకు శిక్షణ ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రమూ హయత్‌నగర్‌లో ఉన్నాయి. పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది.

ఇక్రిశాట్‌ను ప్రత్యేకంగా చూడమనడానికి కారణం ఉంది. ఆ ప్రాంగణంలో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఒకే వాన కురిసిన తర్వాత ఆ రెండు నేలల్లో దిగి ఎర్ర నేల ఎంత త్వరగా దున్నడానికి వస్తుందో, రేగడి ఎన్ని రోజుల పాటు కాలికి అంటుకుంటుందో గమనించడం మృత్తికా శాస్త్రం చదివే ప్రతి ఒక్కరికీ అవసరం. 2009లో కర్ణాటకలో మొదలైన భూచేతన కార్యక్రమానికి శాస్త్రీయ తోడ్పాటు ఇచ్చినది కూడా ఇక్రిశాటే. గంధకం, జింకు, బోరాన్ లోపాలను మట్టి పరీక్షలతో గుర్తించి మెట్ట రైతులకు చెప్పడం ఆ కార్యక్రమానికి పునాది. నత్రజని, భాస్వరం, పొటాష్‌ల దగ్గరే ఆగిపోయే సలహా ఎందుకు చాలదో దాని నివేదికలు చదివితే స్పష్టమవుతుంది.

ఈ సంస్థల్లో రైతుల క్షేత్ర సందర్శన దినాలు, శిక్షణ తరగతులు, ప్రదర్శనలు జరుగుతూనే ఉంటాయి. విద్యార్థిగా ఉన్నప్పుడే వాటికి వెళ్లి, శాస్త్రవేత్త చెప్పేది వినడంతో పాటు రైతులు ఏం అడుగుతున్నారో, ఏ జవాబు దగ్గర తల ఊపి మౌనంగా ఉండిపోతున్నారో రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. రైతు మౌనంగా ఉన్నచోట సలహా అర్థం కాలేదనో, అమలు చేయడానికి డబ్బో కూలీలో నీరో లేదనో భావించాలి.

మట్టి: నమూనా నుంచి బస్తా వరకు

మట్టి పరీక్షలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో కాదు, నమూనా తీసేటప్పుడే జరుగుతాయి. కోత అయిన తర్వాత, తర్వాతి పంటకు ఎరువులు వేయకముందు, ఎక్కువ మందికి వేసవిలో నమూనా తీయడం అనుకూలం. ఒకే రంగు, ఒకే వాలు, ఒకే పంట ఉన్న భూమిని ఒక నమూనాగా తీసుకుని, అందులో అడ్డదిడ్డంగా నడుస్తూ పది పన్నెండు చోట్ల పైన చెత్త తీసివేసి, పారతో ఆంగ్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, ఆ గుంట గోడ నుంచి పై నుంచి కింది వరకు సమానంగా మట్టి పొర తీయాలి. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంట కుప్పలు వేసిన చోట, నీరు నిలిచే మూలల్లో తీయకూడదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరికి అర కిలో మిగిల్చి నీడలో ఆరబెట్టాలి. పండ్ల తోటలకు ఈ లోతు చాలదు, వేళ్లు వెళ్లే లోతును బట్టి అడుగు అడుగుకూ వేర్వేరు నమూనాలు తీయాలి. ఎరువు సంచిలో గానీ, పురుగుమందు వాసన ఉన్న సంచిలో గానీ మట్టి పంపితే ఆ ఫలితం మీద ఆధారపడలేము.

2015 ఫిబ్రవరి 19న మొదలైన భూసార కార్డు పథకంలో 12 అంశాలను పరీక్షిస్తారు: ఉదజని సూచిక, లవణాల సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఆ పథకం మార్గదర్శకాల ప్రకారం సాగునీరు ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీసుకునే పద్ధతి ఉంది. అంటే ఒక కార్డు మీద ఉన్న అంకె ఆ రైతు సొంత చేను నుంచి కాక పక్క చేను నుంచి వచ్చి ఉండవచ్చు. ఈ సంగతి తెలిసిన విస్తరణ అధికారి కార్డు చూసి వెంటనే సలహా ఇవ్వరు. ముందు ఆ నమూనా ఎక్కడ తీశారో అడిగి, నేల తేడాగా ఉంటే రైతు సొంత మడి నుంచి మళ్లీ తీయిస్తారు.

ఫలితాలను చదవడానికి కొన్ని హద్దులు కంఠస్థంగా ఉండాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ. జింకు మిలియనుకు 0.6 పాళ్ల కంటే తగ్గితే లోపం ఉన్నట్టే. ఉదజని సూచిక 8.5 దాటి, మార్పిడి చెందే సోడియం 15 శాతం కంటే ఎక్కువ ఉంటే కారుచౌడు అని గ్రహించి జిప్సం అవసరాన్ని పరీక్షించాలి. లవణాలు మాత్రమే ఎక్కువగా ఉన్న పాలచౌడుకు జిప్సం పనిచేయదు, మంచి నీటితో కడిగి, మురుగు బయటకు పోయే కాలువ తీయించాలి. ఈ రెండు చౌడుల మధ్య తేడా తెలియక జిప్సం కొనిపించిన సలహా రైతు డబ్బునూ, ఒక సీజనునూ వృథా చేస్తుంది.

ఇక అసలు పని అయిన లెక్క. వానాకాలం వరికి ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోల సిఫారసు ఉందనుకుందాం. డీఏపీలో 46 శాతం భాస్వరం, 18 శాతం నత్రజని ఉంటాయి కాబట్టి 24 కిలోల భాస్వరానికి సుమారు 52 కిలోల డీఏపీ కావాలి, అంటే ఒక బస్తా కంటే కొంచెం ఎక్కువ. దానితో 9 కిలోలకు పైగా నత్రజని కూడా వస్తుంది. మిగిలిన నత్రజనికి 46 శాతం ఉన్న యూరియా సుమారు 84 కిలోలు, పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు సరిపోతాయి. ఇప్పుడు పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వచ్చి, సిఫారసును 30 శాతం తగ్గించామనుకుంటే భాస్వరం సుమారు 17 కిలోలకు దిగుతుంది, డీఏపీ 37 కిలోలే చాలు. అప్పుడు డీఏపీ నుంచి వచ్చే నత్రజని తగ్గుతుంది కాబట్టి యూరియా 90 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు సరిగ్గా రెండు అవుతాయి. మట్టి పరీక్ష పత్రం చివరికి రైతు చేతిలో పెట్టవలసిన మాట ఇదే: డీఏపీ ముప్పావు బస్తా, యూరియా మూడు దఫాలుగా రెండు బస్తాలు, పొటాష్ అర బస్తాకు కొంచెం ఎక్కువ. దుకాణంలో డీఏపీ దొరకక, రెండు మూడు పోషకాలు కలిసిన వేరే కాంప్లెక్స్ ఎరువు మాత్రమే ఉంటే అదే లెక్కను ఆ సంచి మీది అంకెలతో అక్కడికక్కడే మళ్లీ వేయగలగాలి.

ఏళ్ల తరబడి కాంప్లెక్స్ ఎరువులు పడిన వరి మడుల్లో భాస్వరం పేరుకుపోవడం, దాని వల్ల జింకు లోపం మరింత ముదరడం చాలాచోట్ల చూస్తాము. నాటిన కొన్ని వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, పైరు గిడసబారితే తెగులు మందు కొట్టడానికి రైతు సిద్ధపడతాడు. అక్కడ కావలసింది జింకు. దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి, దానిని భాస్వరం ఎరువుతో కలిపి వేయకుండా రెండు మూడు రోజుల ఎడం ఇవ్వాలి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయించాలి. ఇలాంటి సమయంలో ఒక మందు ఖర్చు తగ్గించిన సలహాను ఊరంతా గుర్తుంచుకుంటుంది.

చెరువు మట్టి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. తేలికపాటి చెల్కలకు ఇది నిజంగా మేలు చేస్తుంది, ఎందుకంటే బంకమట్టి పాలు పెరిగి నీటిని పట్టుకునే శక్తి పెరుగుతుంది. నల్లరేగడి మీద అదే మట్టి వేస్తే ప్రయోజనం కనిపించదు, చెరువులో లవణాలు చేరి ఉంటే నష్టం కూడా జరగవచ్చు. తోలే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించడం తప్పనిసరి.

నీరు: బోరు నుంచి గంటల వరకు

నీటి సలహా ఇచ్చేవారికి ముందుగా బోరు ఎంత పోస్తుందో తెలియాలి. 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం ఉంటే చాలు. డ్రమ్ము ఒక నిమిషంలో నిండితే బోరు గంటకు 12,000 లీటర్లు ఇస్తున్నట్టు. మోటారు వేసిన వెంటనే కాకుండా అరగంట నడిచిన తర్వాత కొలవాలి, వేసవిలో మళ్లీ కొలవాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు పెట్టడానికి 4,047 లీటర్లు అవసరం. వరి మడిలో 5 సెంటీమీటర్లు నిలపాలంటే రెండు లక్షల లీటర్లకు పైగా, పై బోరుతో దాదాపు 17 గంటలు పడుతుంది. అదే నీరు రోజుకు 5 మిల్లీమీటర్లు కావలసిన ఎకరం ఆరుతడి పంటకు, నష్టాలు లెక్కించకపోతే, పది రోజులు వస్తుంది. వరిని మానుకోమని ఉపన్యాసం చెప్పడం కంటే, రైతుతో కలిసి డ్రమ్ము దగ్గర నిలబడి ఈ లెక్క వేయడం వల్ల యాసంగిలో ఎన్ని ఎకరాలు నాటాలన్న నిర్ణయం మారే అవకాశం ఎక్కువ.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైంది. కరెంటు ఎప్పుడొస్తుందో అని రాత్రి పొలానికి వెళ్లే బాధ దానితో తగ్గింది. దానితో పాటు మోటారు గంటలను అదుపులో పెట్టే బాధ్యత పూర్తిగా రైతు మీదకు వచ్చింది, ఆ అదుపుకు ఆధారం ఇవ్వడం ఇప్పుడు విస్తరణ సిబ్బంది పని అయింది.

తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులు ఉండాలో నేల చెబుతుంది. తేలికపాటి చెల్క మీటరు లోతులో సుమారు 100 మిల్లీమీటర్ల లభ్య నీటిని నిల్వ చేస్తే, బరువైన నల్లరేగడి దాదాపు 200 మిల్లీమీటర్లు నిల్వ చేస్తుంది. వేళ్లు 30 సెంటీమీటర్ల లోతులో ఉన్న పంటకు చెల్కలో 30, రేగడిలో 60 మిల్లీమీటర్లు అందుబాటులో ఉంటాయి. అందులో సగం ఖర్చయ్యే సరికి తడి ఇవ్వాలన్న నియమం పెట్టుకుంటే, రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకునే పంటకు చెల్కలో మూడు రోజులకు, రేగడిలో ఆరు రోజులకు తడి అవసరమవుతుంది. పక్క ఊరి రైతు వారానికి ఒక తడి ఇస్తున్నాడని చెల్క రైతుకు కూడా అదే చెబితే పంట వాడుతుంది. చెల్క రైతు ఒకేసారి ఎక్కువ నీరు పెట్టినా ఆ నీరు వేళ్లను దాటి కిందికి పోతుంది, వెంట యూరియాను కూడా తీసుకుపోతుంది. నేలను పిడికిట్లో పట్టి ఉండ కడుతుందో లేదో చూసే పద్ధతిని కూడా ఈ లెక్కతో పాటు నేర్పితే, పరికరం ఏదీ లేకుండానే రైతు తానే నిర్ణయించుకోగలడు.

వరి తప్పనిసరిగా వేసేచోట తడి, ఆరుదల పద్ధతిని చూపించాలి. 30 సెంటీమీటర్ల పొడవున్న పైపు ముక్కకు కింది భాగంలో రంధ్రాలు చేసి, సగం నేలలోకి, సగం పైకి ఉండేలా మడిలో పాతి, లోపలి మట్టి తీసివేస్తే నేల కింద నీటి మట్టం కంటికి కనిపిస్తుంది. నాటిన తర్వాత పైరు నిలదొక్కుకున్నాక, ఆ మట్టం నేల ఉపరితలం నుంచి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ నీరు పెట్టాలి. పూత దశకు ఒక వారం ముందు నుంచి ఒక వారం తర్వాత వరకు మాత్రం మడిని ఆరనివ్వకూడదు. ఈ ఒక్క షరతు చెప్పడం మరచిపోయి పద్ధతిని ప్రచారం చేస్తే తాలు గింజలు వచ్చి పద్ధతికే చెడ్డపేరు వస్తుంది. చీలికలు పడే రేగడిలో మడిని మరీ ఎండనిస్తే తర్వాతి నీరు ఆ పగుళ్ల గుండా పోతుందన్న సంగతి కూడా చెప్పాలి.

బిందు సేద్యంలో చాలాచోట్ల పరికరం ఉంటుంది, లెక్క ఉండదు. లేటరల్‌ల (మొక్కల వరుసల వెంట వేసే సన్న పైపుల) మధ్య ఒకటిన్నర మీటరు, వాటి మీద నీటి చుక్కలు వదిలే డ్రిప్పర్‌ల మధ్య 60 సెంటీమీటర్లు ఉండి, ఒక్కో డ్రిప్పర్ గంటకు 4 లీటర్లు ఇస్తే గంటకు సుమారు 4.4 మిల్లీమీటర్ల నీరు పడుతుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలంటే గంటా ఎనిమిది నిమిషాలు చాలు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి నేటి వరకు నేల పైకి తడిసి కనిపించే దాకా డ్రిప్పు నడిపే అలవాటు చాలాచోట్ల పోలేదు. తోటకు వెళ్లినప్పుడు పైపు మొదట, మధ్యలో, చివర ఉన్న డ్రిప్పర్‌ల కింద గిన్నెలు పెట్టి ఆరు నిమిషాలు పట్టండి. ఒక్కొక్కటి 400 మిల్లీలీటర్ల దగ్గర ఉండాలి. చివరి గిన్నెలో చాలా తక్కువ వస్తే ఒత్తిడి చాలడం లేదనో, ఫిల్టరు నిండిందనో, బోరు నీటిలోని సున్నం డ్రిప్పర్‌లో పేరుకుందనో తెలుసుకుని, ఫిల్టరు కడిగించి, పైపుల చివరలు విప్పి నీటిని వదిలించి, అవసరమైతే ఆమ్లంతో శుభ్రం చేయించాలి.

నీటి పరిమాణంతో పాటు నాణ్యత కూడా చూడాలి. బోరు నీటిలో మిగులు సోడియం కార్బనేట్ లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీరు ఏటేటా నేలను గట్టిపరుస్తుంది. వాన పడినా నీరు ఇంకక పైనే నిలిచిపోతోందని రైతు చెబితే మట్టితో పాటు నీటిని కూడా పరీక్షకు పంపాలి. మట్టి నమూనా తీసిన ప్రతిచోటా ఒక సీసాలో నీటి నమూనా కూడా తీయడం నియమంగా పెట్టుకుంటే చాలా సమస్యలు ముందే బయటపడతాయి.

నీటి విషయంలో ఒక్క రైతుతో మాట్లాడి ముగించలేము, ఎందుకంటే భూగర్భ జలం ఊరందరిదీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన రైతుల భూగర్భ జల నిర్వహణ కార్యక్రమంలో గ్రామస్థులే వర్షమాపకాలను చదివి, బోర్ల మట్టాలను కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. ఆ పద్ధతిని ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ అధ్యయనం చేయాలి. కాలువ కింద పనిచేసేవారు 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టాన్నీ, దాని కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలనూ తెలుసుకోవాలి. చివరి ఆయకట్టుకు నీరు అందకపోవడానికి కారణం చాలాసార్లు ఎగువ మడుల్లోనే ఉంటుంది.

రైతుతో మాట

మొదటిసారి ఊరికి వెళ్లినప్పుడు సలహా ఇవ్వకండి. ఏ బోరు ఎప్పుడు ఎండింది, ఏ చేను ఎప్పుడూ ముందు వాడుతుంది, ఎవరి భూమిలో చౌడు తెలుస్తోంది అని పెద్దవారిని అడిగి, వారితో కలిసి నడవండి. పొలం పట్టా యజమాని పేరు మీద ఉన్నా నీళ్లు పెట్టేది కౌలు రైతు కావచ్చు, ఎరువు చల్లేది, కలుపు తీసేది ఎక్కువగా మహిళలే కావచ్చు. అందుకే సమావేశానికి ఎవరు వచ్చారన్న దానికంటే పని చేసేది ఎవరు అన్నది ముఖ్యం. మహిళలు పొలం నుంచి తిరిగొచ్చే వేళకు సమావేశం పెడితేనే వారు రాగలరు. జహీరాబాద్ ప్రాంతంలో మహిళా సంఘాలతో పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనుభవం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది.

నాలుగు గోడల మధ్య శిక్షణ కంటే పొలంలోనే నేర్పే పొలంబడి ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఒకే రైతు మడిని రెండుగా విభజించి, ఒక భాగంలో అలవాటు పద్ధతి, మరో భాగంలో మట్టి పరీక్ష ప్రకారం ఎరువులు వేసి, రెండు భాగాల ధాన్యాన్నీ ఖర్చునూ ఊరివారి ముందే తూకం వేయాలి. దిగుబడి సమానంగా వచ్చి ఖర్చు తగ్గినా అది విజయమే, ఆ మాట దాచకుండా చెప్పాలి. ఎరువుల దుకాణదారును ప్రత్యర్థిగా చూడకూడదు. రైతు ముందు అడిగేది అతన్నే కాబట్టి మేనేజ్ 2003 నుంచి వారి కోసం నడుపుతున్న ఏడాది డిప్లొమాలో పాఠాలు చెప్పే అవకాశం వస్తే తప్పకుండా తీసుకోండి.

ఉద్యోగాలు

రాష్ట్ర ప్రభుత్వంలో రైతుకు అతి దగ్గరగా ఉండే ఉద్యోగం వ్యవసాయ విస్తరణ అధికారిది. సుమారు 5,000 ఎకరాల సాగుభూమిని ఒక క్లస్టరుగా తీసుకుని దానికి ఒకరు ఉంటారు, క్లస్టరుకు రైతుల సమావేశాల కోసం రైతు వేదిక అనే ఒక భవనం ఉంటుంది. డిప్లొమా లేదా డిగ్రీతో ఈ ఉద్యోగంలోకి రావచ్చు. మండల స్థాయిలో వ్యవసాయ అధికారి ఉద్యోగానికి డిగ్రీ కావాలి, నియామకం పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా జరుగుతుంది. ఈ ఉద్యోగాల్లో పథకాల పని, వివరాల నమోదు చాలా సమయం తీసుకుంటాయి, కాబట్టి మట్టి, నీటి పనికి వారంలో కొన్ని పూటలను పట్టుబట్టి కేటాయించుకోవాలి.

విషయ నిపుణులు అన్న హోదా నేరుగా దొరికేది కృషి విజ్ఞాన కేంద్రాల్లో. దేశంలో మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది, ఒక్కో కేంద్రానికి ఆరుగురు విషయ నిపుణుల పోస్టులు ఉంటాయి. సంబంధిత విషయంలో పీజీ అవసరం. రైతు పొలాల్లో పరిశీలన ప్రయోగాలు, ప్రదర్శనలు, శిక్షణ ఈ ఉద్యోగంలో ప్రధానం, నేల, నీరు మీద మనసున్నవారికి దీనికంటే అనువైన పోస్టు మరొకటి లేదని నేను అనుకుంటున్నాను. విశ్వవిద్యాలయానికి చెందిన, రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రాల్లో శాస్త్రవేత్తలుగా చేరాలంటే జాతీయ అర్హత పరీక్ష నెట్ కూడా చూసుకోవాలి.

ప్రైవేటు రంగంలో డ్రిప్పు, ఎరువుల కంపెనీలు క్షేత్ర అగ్రానమిస్టులను తీసుకుంటాయి. మెళకువలు త్వరగా వస్తాయి, జీతంతో పాటు అమ్మకాల లక్ష్యం కూడా వస్తుంది. చేరేముందే ఆ లక్ష్యం ఎంతో అడిగి తెలుసుకోండి, అవసరం లేని చోట ఉత్పత్తిని సిఫారసు చేయనని మీకు మీరే హద్దు పెట్టుకోండి. సొంతంగా మట్టి, నీటి పరీక్ష కేంద్రం పెట్టాలనుకునే వ్యవసాయ పట్టభద్రులకు 2002లో మొదలైన అగ్రి క్లినిక్‌ల పథకం కింద 45 రోజుల ఉచిత శిక్షణ, బ్యాంకు రుణానికి అనుబంధంగా సబ్సిడీ ఉన్నాయి. ఈ పథకం శిక్షణను చూసేది మేనేజ్. స్వచ్ఛంద సంస్థల వాటర్‌షెడ్ ప్రాజెక్టులు కాలపరిమితి ఉన్నవే అయినా, ఒక వాగు పరీవాహకాన్ని పైనుంచి కింది వరకు చూసే అనుభవం వాటిలోనే దొరుకుతుంది.

ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు ధ్రువపత్రాల వెంట ఒక పొలం దస్త్రం కూడా తీసుకెళ్లండి. మీరు తీసిన మట్టి, నీటి ఫలితాలు, మీరు వేసిన బస్తాల, గంటల లెక్కలు, సీజను చివరి దిగుబడి, ఖర్చు అందులో ఉండాలి. రైతుల పేర్లు తీసివేసి, వారి అనుమతితోనే వివరాలు చూపించాలి.

చేరిన తర్వాత మొదటి ఏడాది

మొదటి ఏడాది క్లస్టరు మొత్తాన్ని మార్చాలనుకోకుండా రెండు మూడు ఊళ్లను ఎంచుకోండి. ఒకటి చెల్క ఊరు, ఒకటి రేగడి ఊరు, వీలైతే ఒకటి చెరువు కిందిది అయితే మంచిది. వేసవిలో నమూనాలు తీసి, తొలకరికి ముందే ఫలితాలను రైతుల చేతిలో పెట్టాలి. జూన్ చివర వచ్చే ఫలితం ఆ సీజనుకు పనికిరాదు, రైతు అప్పటికే దుక్కిలో ఎరువు వేసేసి ఉంటాడు. వానాకాలంలో ప్రదర్శన మడులు, యాసంగికి ముందు బోర్ల కొలత, యాసంగిలో తడుల లెక్క అన్న క్రమంలో పనిని పంచుకోండి. 2024లో మొదలైన రైతు నేస్తం కార్యక్రమంలో శాస్త్రవేత్తలు రైతు వేదికలకు వీడియో ద్వారా మాట్లాడుతున్నారు. మీ ఊళ్లలో తేలిన నిర్దిష్ట సమస్యను ముందుగా పంపి వారితో చర్చించేలా చూడవచ్చు.

ఇచ్చిన ప్రతి సలహాను తేదీతో, సర్వే నంబరుతో రాసి ఉంచండి, నకలు రైతుకు ఇవ్వండి. సలహా పాటించాక పంట దెబ్బతింటే ఆ పొలానికి అదే వారం వెళ్లాలి. రైతు చెప్పింది పూర్తిగా విని, వాన లెక్క, విత్తనం రకం, వేసిన ఎరువు సంచులు, తడి ఇచ్చిన రోజులు ఒక్కొక్కటిగా పరిశీలించి, కారణం మీ సలహాలో ఉంటే ఊరివారి ముందే ఆ మాట చెప్పి, తర్వాతి సీజనుకు సలహాను మార్చి రాయండి. రెండేళ్లు గడిచాక అదే సర్వే నంబర్లలో మళ్లీ నమూనాలు తీసి, సేంద్రియ కర్బనం, భాస్వరం, లవణాల సూచిక ఎటు కదిలాయో పాత పత్రాలతో పోల్చి చూడండి. మూడో ఏడాది సలహాలను ఆ పోలిక ఆధారంగానే రాయాలి.